పదోన్నతి వచ్చింది, పని మీద ఇష్టం పోయింది

ఒక ప్రభుత్వ శాఖలో 14 ఏళ్లుగా పనిచేస్తున్న పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, శాఖ, ఊరు తెలియకుండా సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆవిడ వయసు 39. మొదటి 12 ఏళ్లు క్షేత్రస్థాయి ఆఫీసులో పింఛను దరఖాస్తులు తీసుకునే కౌంటర్లో గడిచాయి. "రద్దీ ఉండేది, కసురుకునేవాళ్లు ఉండేవారు, కుర్చీ కూడా సరిగ్గా ఉండేది కాదు. అయినా సాయంత్రం ఇంటికి వస్తుంటే ఆ రోజు ఎవరి పని చేసిపెట్టానో నాకు తెలిసేది" అని రాశారు. రెండేళ్ల కిందట పదోన్నతి మీద ప్రధాన కార్యాలయానికి వచ్చారు. జీతం పెరిగింది, కూర్చునే చోటు బాగుంది, జనం తాకిడి లేదు. కింది ఆఫీసుల నుంచి వచ్చే వివాదాల మీద నోటు రాసి పైకి పంపడం ఇప్పటి పని. పోయిన నెలలో పంపిన 17 ఫైళ్లలో 11 కొర్రీలతో, అంటే పైవాళ్లు వేసిన ప్రశ్నలూ అభ్యంతరాలతో, తిరిగొచ్చాయి. పై అధికారి కష్టమైన ఫైలు ఏది వచ్చినా ఈవిడ బల్ల మీదే పెడతారు. పక్క సీటు ఆయన మధ్యాహ్నానికే ఖాళీ. జీతం ఇద్దరికీ ఒకటే, ఏడాది చివర రిపోర్టులోనూ ఇద్దరికీ ఒకటే మాట: "బాగుంది". ఆరు నెలలుగా ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండె బరువెక్కుతోంది, తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వస్తోంది. తెలిసినవారి కంపెనీ ఇప్పటి జీతానికి సగం కలిపి ఇస్తామంటోంది. వాళ్లమ్మగారు "నీకేం తక్కువ?" అంటున్నారు, భర్త "తొందరపడకు" అంటున్నారు.

ఆవిడ అడిగినవి మూడు. నాకు తృప్తి లేకపోవడం నా లోపమా? ఉద్యోగం వదిలేయాలా? ఉండిపోతే పక్క సీటు ఆయనలా తయారుకాకుండా ఎలా నెట్టుకురావాలి?

సమాధానం

ముందు ఒంటి సంగతి. ఆ గుండె బరువూ నిద్రలేమీ ఆఫీసు వల్లేనని మీరే తేల్చేసుకోకండి. డాక్టరుకు చూపించుకోండి, నిద్ర సంగతి దాచకుండా చెప్పండి. నెలల తరబడి నిద్ర చాలని మనిషికి ప్రతి కొర్రీ అవమానంగానే తోస్తుంది. ఆ స్థితిలో రాజీనామా మీద ఆలోచన సాగదు.

ఇక మీ మొదటి ప్రశ్న. "ఈ ఉద్యోగంలో తృప్తి ఉందా?" అని ఒక్క ప్రశ్న వేసుకుంటే జవాబు దొరకదు. పాల్ స్పెక్టర్ అనే పరిశోధకుడు 1985లో ప్రభుత్వ, సేవా సంస్థల ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని ఒక కొలమానం తయారుచేశాడు. అందులో 36 వాక్యాలు, 9 అంశాలు ఉంటాయి: జీతం, పదోన్నతి, పై అధికారి తీరు, ఇతర సౌకర్యాలు, మంచి పనికి గుర్తింపు, ఆఫీసు పద్ధతులు, తోటివాళ్లు, చేసే పని, సమాచారం అందే తీరు. ఒక్కో అంశానికి 4 వాక్యాలు, ఒక్కో వాక్యానికి 1 నుంచి 6 దాకా మార్కులు. అంటే ఒక్కో అంశంలో 4 నుంచి 24 వరకు వస్తాయి. 12 లోపు అయితే అసంతృప్తి, 16 దాటితే తృప్తి, మధ్యలో ఉంటే ఎటూ తేలలేదని లెక్క. మొత్తం కొలమానం అక్కర్లేదు గానీ, ఈ తొమ్మిదింటికీ ఒక కాగితం మీద మార్కులు వేసుకోండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే జీతం, పదోన్నతి, సౌకర్యాలు పైన ఉంటాయి. గుర్తింపు, పద్ధతులు, సమాచారం అడుగున ఉంటాయి. మీ అమ్మగారు చూస్తున్నవి ఆ పై మూడు, మిమ్మల్ని నిద్ర లేపుతున్నవి ఈ కింది మూడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టే ఆ వాదన ఇంట్లో తెగడం లేదు.

ఈ తేడాను 1959లోనే ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పట్టుకుంది. సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి, జీతం, భద్రత, నియమాలు, పర్యవేక్షణ లాంటివి సరిగ్గా లేకపోతే మనిషి బాధపడతాడనీ, అవి సరిగ్గా ఉన్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదనీ తేల్చారు. ఇష్టం పుట్టించేవి వేరు: ఏదో సాధించామన్న భావం, గుర్తింపు, బాధ్యత, పనిలోని పస. పంటినొప్పి తగ్గినంత మాత్రాన ఆకలి తీరదు కదా. ఆ అధ్యయనం మీద విమర్శలు లేకపోలేదు. మంచి జరిగితే తన ప్రతిభ, చెడు జరిగితే ఆఫీసు తప్పు అని చెప్పుకోవడం మనిషి నైజం, జవాబుల్లో అదే ప్రతిఫలించిందని అన్నవాళ్లున్నారు. అయినా మీ విషయంలో ఆ గీత స్పష్టంగానే కనబడుతోంది. నొప్పి పెట్టేవి చాలావరకు పదోన్నతితో తగ్గాయి. కడుపు నింపేవి కూడా దాంతోపాటే పోయాయి.

ఏం పోయాయో చూసుకోవడానికి ఒక లెక్క ఉంది. రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డమ్ 1970లలో రూపొందించారు. పనిలో ఐదు గుణాలను 1 నుంచి 7 దాకా కొలుస్తారు: వైవిధ్యం; మొదటి నుంచి చివరిదాకా మన చేతుల మీదుగా పూర్తికావడం; అవతలివాళ్ల జీవితం మీద దాని ప్రభావం; మన చేతిలో ఉన్న నిర్ణయం; ఫలితం మనకు తెలియడం. మొదటి మూడింటి సగటు తీసి, దాన్ని నిర్ణయం మార్కుతోనూ, ఫలితం తెలియడం మార్కుతోనూ గుణిస్తారు.

మీ పాత కౌంటర్‌కు, మీరు రాసినదాన్ని బట్టి, ఇలా వేయొచ్చు. వైవిధ్యం 3 (రోజూ అవే దరఖాస్తులు కదా), పూర్తికావడం 6, ప్రభావం 6. సగటు 5. నిర్ణయం 4, ఫలితం తెలియడం 7. గుణిస్తే 140. ఇప్పటి సీటుకు: వైవిధ్యం 5, పూర్తికావడం 2, ప్రభావం 5. సగటు 4. నిర్ణయం 2, ఫలితం తెలియడం 1. గుణిస్తే 8. పని స్థాయి పెరిగింది, ప్రభావం పెద్దగా తగ్గలేదు, వైవిధ్యం పెరిగింది కూడా. చివరి రెండు గుణాలు మాత్రం కూలిపోయాయి. గుణకారం కాబట్టి అంత తేడా కనిపిస్తోంది గానీ, మామూలుగా కూడినా ఇంచుమించు అంతే పనిచేస్తుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కూడినా 26 ఎక్కడ, 15 ఎక్కడ? మీ మార్కులు మీరు వేసుకోండి, మావి ఊహ మాత్రమే. ఏ గడి కూలిందో చూసుకోవడమే ముఖ్యం. ఎందుకంటే ఫలితం తెలియకపోవడానికి మందు వేరు, నిర్ణయం చేతిలో లేకపోవడానికి మందు వేరు.

చేతిలో నిర్ణయం లేకపోవడం చిన్న విషయం కాదు. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులు 10,308 మందిని 1985 నుంచి ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ రెండో అధ్యయనంలో, పని మీద అదుపు తక్కువగా ఉన్నవాళ్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. వాళ్లందరివీ భద్రమైన ఉద్యోగాలే, ఆఫీసు కుర్చీలే. "భద్రత ఉంది కదా, ఇంకేం బాధ?" అనే మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇదే సీటు పక్కాయనకు హాయిగా ఎందుకుంది? మనుషులు ప్రభుత్వ ఉద్యోగంలోకి వేర్వేరు కారణాలతో వస్తారు. నలుగురికీ ఉపయోగపడాలన్న తపనను 1990లో జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్ ప్రజాసేవా ప్రేరణ అన్నారు. అది ఎక్కువగా ఉన్నవాళ్లకు ఉద్యోగతృప్తి కూడా సాధారణంగా ఎక్కువే. ఒక మెలిక ఉంది: తను చేసింది ఎవరికైనా ఉపయోగపడుతోందని కనబడాలి. కనబడకపోతే ఆ తపన ఉన్నవాళ్లే ముందుగా డీలాపడతారు. జీతం కోసం, ప్రశాంతత కోసం వచ్చినవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. కాబట్టి లోపం అనే మాట పక్కన పెట్టండి. మీకు కావలసినదేదో ఈ సీటు ఇవ్వడం లేదు, అంతే.

ఇప్పుడు కొర్రీల సంగతి. మీ బాధలో ఎక్కువ భాగం ఇక్కడే ఉందని మాకు అనిపిస్తోంది, మీ చేతిలో ఉన్నదీ ఇక్కడే ఎక్కువ. 17లో 11 తిరిగి రావడమంటే సగానికి పైగా శ్రమ రెండోసారి చేస్తున్నట్టు. ఒక నోటుబుక్కు తీసుకుని నాలుగు వారాలు రాయండి: ఫైలు విషయం, పైకి పోయిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, కొర్రీ ఏమిటి, ఎవరు వేశారు. 20 ఫైళ్లు దాటేసరికి కొర్రీలు కొన్ని రకాలుగా విడిపోతాయి.

ఒక రకం కాగితాలకు సంబంధించినది: పేజీ నంబర్లు లేవు, పాత ఉత్తర్వు జతపరచలేదు, ఫలానా తేదీ లేఖ ఫైల్లో లేదు. ఇది మీ బల్ల మీదే ఆగిపోవాలి. ఫైలు పైకి పంపేముందు చూసుకోవడానికి ఎనిమిది, పది అంశాల చీటీ ఒకటి తయారుచేసుకుని అట్ట లోపల అంటించుకోండి.

రెండో రకం నోటు రాసే తీరుకు సంబంధించినది. మీరు నకలు పంపిన నోటు చివరి వాక్యం చూడండి: "తగు ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది." ఈ వాక్యం చదివిన అధికారికి ఏం చేయాలో తెలియదు. మూడు పేజీల చరిత్ర ఉంది, ప్రతిపాదన లేదు. ఆయన దాన్ని చదివి, ఆలోచించి, తీర్పు రాయాలి. సమయం లేనప్పుడు సులువైన పని "పరిశీలించి తిరిగి సమర్పించండి" అని రాయడం. దానికి బదులు నోటు మొదట్లోనే నాలుగు పంక్తుల్లో చెప్పండి: వివాదం ఏమిటి, వర్తించే నియమం ఏది, ఇలాంటి కేసులో ఇంతకుముందు ఏం చేశారు, ఇప్పుడు ఎవరికి ఆ అధికారం ఉంది. చివర రెండు మార్గాలు రాసి, ఒక్కోదాని పర్యవసానం ఒక వాక్యంలో రాసి, ఏది మేలో మీ అభిప్రాయం చెప్పండి. "మార్గం ఒకటి ఆమోదించవచ్చు" అన్న చోట ఆయన సంతకం పెట్టడానికి వీలుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. నిర్ణయం మీది కాకపోయినా ప్రతిపాదన మీదవుతుంది. పైన వేసుకున్న లెక్కలో 2 ఉన్న గడి 3కో 4కో పెరిగేది ఇలాగే.

మూడోది అధికారి అలవాట్లు. ఒకరికి తేదీల పట్టిక కావాలి, ఇంకొకరికి న్యాయాభిప్రాయం లేనిదే కలం కదలదు. ఇవి ఎక్కడా రాసి ఉండవు, అడిగితేనే తెలుస్తాయి. నాలుగు వారాల పుస్తకం పట్టుకుని ఒక పది నిమిషాలు అడగండి: "సార్, పోయిన నెల తిరిగొచ్చిన ఫైళ్లు చూశాను. ఆరింటికి తేదీల పట్టిక లేదని వచ్చింది. ఇకమీదట మొదటే పెట్టేస్తాను. ఇంకా ఏవి ముందే ఉంటే మీకు వీలుగా ఉంటుంది?" ఇందులో ఫిర్యాదు లేదు, ఆయన సమయం మిగిల్చే మాట ఉంది. అందుకే వింటారు.

చివరిది భయం. సంతకం పెడితే రేపు ఆడిట్‌లోనో కోర్టులోనో తన మెడకు చుట్టుకుంటుందేమో అన్న శంకతో ఫైలు కిందికి తోసేయడం. ఈ రకానికి మీరు చేయగలిగింది చాలా తక్కువ. కొర్రీకి జవాబు రాస్తే ఇంకో కొర్రీ వస్తుంది. ఆర్థిక విభాగం లేదా న్యాయ విభాగం అభిప్రాయం ముందే తెప్పించి జతచేస్తే కొన్ని కదులుతాయి, మిగతావి కదలవు. మీ పుస్తకంలో ఈ నాలుగో రకం ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. 11లో రెండు మూడైతే ఈ సీటు బాగుపడుతుంది. ఏడెనిమిదైతే మీరెంత బాగా రాసినా తేడా రాదు. సీటు మారే ఆలోచన అప్పుడు సబబు.

ఫలితం తెలియడం అనే గడిని మాత్రం ఎవరి అనుమతీ లేకుండా పెంచుకోవచ్చు. ఆడమ్ గ్రాంట్, మరికొందరు ఒక విశ్వవిద్యాలయంలో విరాళాల కోసం ఫోన్లు చేసే ఉద్యోగుల మీద చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది. ఆ విరాళాలతో చదువుకుంటున్న విద్యార్థితో కాసేపు మాట్లాడిన బృందం, నెల తర్వాత ఫోన్ మీద గడిపే సమయం రెండింతలు దాటింది. పని మారలేదు, ఎవరికోసమో తెలిసింది. మీ ఫైలు తేలాక పింఛను నిజంగా విడుదలైందా? కింది ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. నెలకు ఐదు ఫైళ్లు చాలు. "ఉత్తర్వు అందిన 9 రోజులకు బకాయిలు జమయ్యాయి" అన్న ఒక్క పంక్తి అదే నోటుబుక్కులో వెనక వైపు రాసుకోండి. మీరు కౌంటర్లో పన్నెండేళ్లు కూర్చున్నవారు, అక్కడి మనిషితో మాట కలపడం మీకు కొత్త కాదు. పైగా ఏ ఉత్తర్వు కింద అర్థంకాక ఆగిపోతోందో కూడా తెలుస్తుంది. తర్వాతి ముసాయిదా దానివల్ల బాగుపడుతుంది.

పక్క సీటు విషయంలో మీ కోపం న్యాయమైనదే. స్టేసీ ఆడమ్స్ 1960లలో చెప్పిన సమానత్వ సిద్ధాంతం ప్రకారం మనిషి తన శ్రమకు వచ్చేదాన్ని ఎదుటివాడి శ్రమకు వచ్చేదానితో పోల్చుకుంటాడు. తేడా కనిపిస్తే తన శ్రమ తగ్గించుకుంటాడు, ఇంకా కావాలని అడుగుతాడు, పోల్చుకునే మనిషిని మారుస్తాడు, లేదా వెళ్లిపోతాడు. వీటిలో మొదటిది అందరికీ తేలిగ్గా తోస్తుంది. "నేనూ అలాగే కూర్చుంటే పోలా" అని మీరూ రాశారు. అది మీకు నప్పదు. మిమ్మల్ని బాధపెడుతున్నది ఉపయోగపడలేకపోవడం. పని తగ్గించుకుంటే ఆ బాధ ఇంకా పెరుగుతుంది.

మీ అధికారి వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. ప్రైవేటు సంస్థలో మేనేజరుకు ఉండే పట్టు ఆయనకు సాధారణంగా ఉండదు. పక్కాయన జీతం కోయలేరు, మీకు బోనస్ ఇవ్వలేరు, ఎవరినీ తీసేయలేరు. ఆయన చేతిలో ఉన్నది పని పంచడం ఒక్కటే. గడువు దగ్గరపడిన ఫైలు తప్పు రాకుండా ఎవరి దగ్గర తేలుతుందో వాళ్ల బల్ల మీదే పెడతారు. అందులో మీ మీద నమ్మకం ఉంది, ఆయన సౌకర్యమూ ఉంది. రెండోది మొదటిదానికంటే ఎక్కువ కావొచ్చు.

అందుకని పక్కాయన గురించి ఒక్క మాటా ఎత్తకండి. "ఆయన పనిచేయడు" అన్న క్షణంలో అది ఇద్దరి తగాదా అయిపోతుంది. మీ బల్ల మీది పని గురించి మాట్లాడండి. సోమవారం ఉదయం పెండింగ్ జాబితా తీసుకెళ్లి: "సార్, ఈ వారానికి నా దగ్గర 14 ఉన్నాయి. రోజుకు రెండు చొప్పున 10 తేలుతాయి. ఏ పది ముందు కావాలో గుర్తుపెట్టండి. మిగతా నాలుగు వచ్చే వారానికి ఉంచమంటారా, వేరే సీటుకు ఇస్తారా?" అనండి. జాబితా మీద ఆయన చేత్తోనే టిక్కు పెట్టించండి. మొదట చిరాకు పడొచ్చు. "మీరే ఎలాగో చూడండి" అనొచ్చు. అప్పుడు "సరే సార్, ఈ పది చేస్తాను, ఈ నాలుగు వచ్చే వారం అని రాసుకుంటున్నాను" అని ఆ పూటకు ఆపేయండి. సాయంత్రాలు కూర్చుని ఆ నాలుగూ మీరే తేల్చేస్తే మాత్రం ఈ ప్రయత్నం మొత్తం వృథా. మిగిలినవి కనబడనంతకాలం పంపకం మారదు. ఒకటి రెండు ఫైళ్లు ఆలస్యమై పైనుంచి మాట వచ్చే అవకాశం కూడా ఉంది. జాబితా మీద టిక్కు అందుకే.

ఏడాది రిపోర్టులో అందరికీ "బాగుంది" అని రావడాన్ని మీరు మార్చలేరు. ప్రతి మూడు నెలలకూ తేల్చిన కేసులు, వాటివల్ల మారిన ఉత్తర్వులు, మీరు తయారుచేసిన నమూనా నోట్లు అరపేజీలో రాసి అధికారికి ఇవ్వండి. ఆ మాట మారకపోవచ్చు. కింద వివరణ గడి ఖాళీగా పోకుండా ఉంటుంది, బదిలీ అడిగినప్పుడు చూపించడానికి చేతిలో కాగితం ఉంటుంది.

ఇప్పుడు ఉండాలా వెళ్లాలా అన్నది. మీ ముందు కనీసం నాలుగు దారులున్నాయి, మీరు రెండే రాశారు.

ఇదే సీటులో ఉండి పైన చెప్పినవి నాలుగైదు నెలలు చేసి చూడటం ఒకటి. ఖర్చు లేదు, ఎప్పుడైనా ఆపొచ్చు. దీనికి ముందే గుర్తులు పెట్టుకోవాలి: కొర్రీలు 17కు 11 నుంచి 6 లోపుకు రావాలి, జాబితా పద్ధతి అధికారికి అలవాటవ్వాలి, నిద్ర బాగుపడాలి. గుర్తులు లేకపోతే "ఇంకో నెల చూద్దాం" అంటూ రెండేళ్లు గడుస్తాయి.

రెండోది, హోదా తగ్గకుండా జనానికి దగ్గరగా ఉండే సీటు అడగడం. ఫిర్యాదుల విభాగం, కొత్తవారికి శిక్షణ, క్షేత్ర ఆఫీసుల తనిఖీ, లేదా క్షేత్రస్థాయిలోనే మీ హోదాకు తగిన పర్యవేక్షణ పోస్టు. మాకు ఎక్కువ ఆశ ఉన్నది దీని మీదే. రెండు హెచ్చరికలు ఉన్నాయి. యూనిట్ మారితే సీనియారిటీ ఏమవుతుందో ముందు తెలుసుకోండి. కొన్ని సర్వీసుల్లో సొంత కోరిక మీద మారితే సీనియారిటీ జాబితాలో అడుగుకు పోతారు. రెండోది, కౌంటర్‌ను రెండేళ్ల దూరం నుంచి చూస్తున్నారు. మైఖేల్ లిప్‌స్కీ అనే రాజనీతి శాస్త్రవేత్త 1980లోనే చెప్పినట్టు, జనంతో నేరుగా వ్యవహరించే ఉద్యోగికి వనరులు ఎప్పుడూ చాలవు. సేవ బాగుపడేకొద్దీ వచ్చేవాళ్లు పెరుగుతారు. పైగా ఈసారి మీరు కౌంటర్లో కూర్చోరు, కూర్చున్నవాళ్ల సెలవులూ తగాదాలూ చూస్తారు. అడిగేముందు అలాంటి పోస్టులో ఉన్నవారితో ఒక గంట మాట్లాడండి. వారంలో ఎన్ని గంటలు జనంతో, ఎన్ని గంటలు హాజరుపట్టీతో గడుస్తాయో అడగండి.

పదోన్నతి వదులుకుని వెనక్కి పోవడం మూడోది. దాని గురించి ఒక వాక్యం చాలు: జీతం తగ్గడం, తర్వాతి పదోన్నతికి అడ్డుపడటం, పింఛను లెక్క మీద ప్రభావం, ఈ మూడింటికీ రాతపూర్వక జవాబు లేకుండా దరఖాస్తు పెట్టకండి.

నాలుగోది కంపెనీ. సగం ఎక్కువ జీతం అంటే తృప్తి కూడా సగం పెరుగుతుందని ఆశపడొద్దు. 92 సమూహాల మీద జరిగిన పరిశోధనలను కలిపి 2010లో టిమోతీ జడ్జ్ బృందం చూసినప్పుడు, జీతం స్థాయికీ ఉద్యోగ సంతృప్తికీ ఉన్న సహసంబంధం 0.15 మాత్రమే. సున్నా అయితే సంబంధమే లేనట్టు, 1 అయితే పూర్తిగా ముడిపడినట్టు. ఇది సున్నా కాదు, చిన్నది. ఇంకొకటి, ఉద్యోగం మారినవాళ్లలో మారే ముందు తృప్తి పడిపోవడం, మారగానే బాగా పెరగడం, కొన్నాళ్లకు మళ్లీ దిగిరావడం పరిశోధకులు గమనించారు. అక్కడ మొదటి నాలుగు నెలలు బాగున్నాయని చెప్పినవాళ్ల మాట నిజమే, పూర్తి నిజం మాత్రం కాదు. రెండు మూడేళ్లు ఉన్నవాళ్లను అడగండి.

డబ్బు లెక్క నెల జీతంతో వేయకండి, ఏడాదికి వేయండి. ఇప్పటి ఉద్యోగం వైపు జీతంతోపాటు పింఛనుకు ప్రభుత్వం జమచేసేది, విరమణ సమయంలో వచ్చేది, ఇంటిల్లిపాదికీ వైద్యం, జీతంతో కూడిన సెలవులు, తక్కువ వడ్డీ అప్పులు ఉంటే ఆ తేడా రాయండి. అటు వైపు కంపెనీ ఇచ్చేవి రాయండి, పన్ను తీసేయండి, ఉద్యోగం పోతే ఆరు నెలలు ఇల్లు గడవడానికి పక్కన పెట్టాల్సిన సొమ్ము కూడా తీసేయండి. సగం అనుకున్నది పదో వంతుకు దిగొచ్చు, కొన్నిసార్లు అప్పటికీ లాభమే కావొచ్చు. లెక్క వేయకుండా మీ భర్తగారితో వాదించడం కన్నా, ఆ కాగితం ముందు ఇద్దరూ కూర్చోవడం మేలు.

ఆ కంపెనీని అడగాల్సినవి జీతం గురించి కాదు. నేను చేసిన పని ఎవరికి చేరిందో నాకెలా తెలుస్తుంది? ఎంతవరకు నేనే నిర్ణయించవచ్చు? నేను రాసింది ఎంతమంది చూసి సరేనంటే బయటికి పోతుంది? ఈ కుర్చీలో ఇంతకుముందున్నవారు ఎందుకు వెళ్లారు? ఈ జవాబులతో అదే ఐదు గుణాల పట్టిక నింపండి. నిర్ణయం, ఫలితం గడుల్లో అక్కడా 2, 1 వస్తే ఇదే ఇబ్బందిని ఎక్కువ జీతంతో కొనుక్కుంటున్నట్టు. 5, 5 వస్తే మీ అమ్మగారు ఏమన్నా గట్టిగా ఆలోచించాల్సిన అవకాశమే అది.

తెంచుకోకుండా వెళ్లి చూసే వీలుందేమో కూడా కనుక్కోండి. కొన్ని సర్వీసుల్లో జీతం లేని దీర్ఘ సెలవు, తిరిగివచ్చే హక్కుతో బయట పనిచేసే అనుమతి ఉంటాయి. కొన్నిట్లో సెలవులో ఉండగా వేరే జీతం తీసుకోవడమే నియమాలకు విరుద్ధం. అలాగే రాజీనామా, స్వచ్ఛంద విరమణ ఒకటి కావు. రాజీనామాతో పాత సర్వీసంతా పింఛనుకు లెక్కకు రాకుండా పోయే నియమాలున్నాయి, స్వచ్ఛంద విరమణకు కనీస సర్వీసు షరతు ఉంటుంది. మీకు 14 ఏళ్లు నిండాయి. మరికొన్ని నెలలకో, ఏడాదికో ఏదైనా గీత దాటుతారేమో మీ సర్వీసు రిజిస్టరు, నియమావళి పక్కపక్కన పెట్టుకుని చూడండి. సిబ్బంది విభాగం వాళ్ల నోటిమాట చాలదు, దరఖాస్తు ఇచ్చి జవాబు కాగితం మీద తీసుకోండి. దానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, కాబట్టి కంపెనీవాళ్లను ఇప్పుడే రెండు నెలల గడువు అడగండి. మీ అనుభవం నిజంగా కావాలనుకుంటే ఇస్తారు. వారంలో తేల్చమని ఒత్తిడి చేస్తే, అక్కడ పని ఎలా సాగుతుందో మీకు కొంత ముందే తెలిసినట్టే.